ఊరందరికీ తెలిసిన రహస్యం



ఇంట్లో బీరువా తాళంచెవి కనబడకపోతే ఏం చేస్తాం? మారుతాళం కోసం వెతుకుతాం. దాన్ని ఏ పోపుల డబ్బా అడుగునో, దేవుడి పటం వెనకనో దాచి ఉంచుతాం. దాచిన చోటు పరాయివారికి తెలియకూడదు. అవసరం వచ్చిన నాడు మనకు గుర్తుకు రావాలి. ఈ రెండిటిలో ఏది తప్పినా ఆ మారుతాళం ఉండీ లేనట్లే.

ఇప్పుడు బ్యాంకు ఖాతా, ఉత్తరాలు, రైలు టిక్కెట్లు, కరెంటు బిల్లు అన్నీ ఫోనులోకి వచ్చి కూర్చున్నాయి. వాటికి పాస్‌వర్డ్ తాళంచెవి. అది మరిచిపోతే పనికి వస్తాయని చాలా చోట్ల మారుతాళంగా పెట్టినవే రహస్య ప్రశ్నలు. సెక్యూరిటీ క్వశ్చన్స్ అంటారు పిల్లలు. మీ అమ్మగారి పుట్టింటి పేరేమిటి? మీరు పుట్టిన ఊరేది? మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటి? మీకు ఇష్టమైన వంటకం ఏది? ఇలా సాగుతుంది ఆ పరీక్ష. ఖాతా తెరిచేటప్పుడు జవాబు మనమే వ్రాసి ఇస్తాం. తరువాత ఎప్పుడో అదే ప్రశ్న వేసి, అదే జవాబు అక్షరం పొల్లు పోకుండా చెప్పమంటారు. ఈ ప్రశ్నలు ఎంతవరకు రహస్యమో, వీటితో మనం ఎలా మెలగాలో ఈ పూట ముచ్చటించుకుందాం.

ఇదేదో కంప్యూటరు పుట్టాక వచ్చిన ఆలోచన అనుకునేరు. కాదు. 1906లో అమెరికా బ్యాంకర్ల సంఘంలోని ఒక విభాగం సమావేశంలో, బాల్టిమోర్ నగరానికి చెందిన విలియం హేడెన్ అనే బ్యాంకరు తమ పద్ధతి గురించి చెప్పారు. కొత్తగా ఖాతా తెరిచేవారి సంతకం తీసుకునే కార్డు మీదే పుట్టిన ఊరు, నివాసం, తల్లి పుట్టింటి పేరు, వృత్తి, వయస్సు వ్రాసుకునేవారట. సంతకం మీద అనుమానం వస్తే ఇవి అడగవచ్చు. ఆ రోజుల్లో ఆ పద్ధతికి అర్థం ఉంది. ఎదురుగా గుమాస్తా ఉంటాడు. మనిషి ముఖం చూస్తాడు, మాట వింటాడు, తడబడితే మరో ప్రశ్న వేస్తాడు. ఇప్పుడు అడిగేది యంత్రం. అది ముఖం చూడదు. ఎవరు చెప్పినా జవాబు సరిపోతే చాలు, తలుపు తీసేస్తుంది. సరిపోకపోతే ఎంత అసలైన మనిషి అయినా సరే, పొమ్మంటుంది.

మొదటి ప్రశ్ననే తీసుకోండి. అమ్మగారి పుట్టింటి పేరు. పెళ్ళితో ఆడవారి ఇంటిపేరు మారిపోయే దేశాల్లో, ఆ పాత పేరు చుట్టుపక్కలవారికి తెలియదు కదా అని దాన్ని రహస్యం అనుకున్నారు. మరి మన తెలుగువారి సంగతి? పెద్దవాళ్ళు ఒక ముత్తైదువను పరిచయం చేసుకునేటప్పుడు వేసే మొదటి ప్రశ్న "మీరు ఎవరి ఆడపడుచు అమ్మా?" అనే కదా! అమ్మ పుట్టింటి పేరంటే మేనమామ ఇంటిపేరే. ఆ మేనమామే పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి ఊరంతా చూస్తూ ఉండగా మండపంలోకి తెస్తాడు. సంబంధం కుదరక ముందే మధ్యవర్తి రెండు వైపులా ఇంటిపేర్లు, గోత్రాలు, మేనమామల వివరాలు కాగితం మీద పెట్టి పది ఇళ్ళకు తిప్పి ఉంటాడు. ఇంక మేనరికం అయితే చెప్పనే అక్కర్లేదు. మేనమామ కొడుకును చేసుకున్న పిల్లకు అత్తవారి ఇంటిపేరూ, అమ్మ పుట్టింటి పేరూ ఒకటే. అంటే ఆ రహస్య ప్రశ్నకు జవాబు ఆమె గుమ్మం మీద వ్రేలాడే బోర్డు మీదే ఉంటుందన్నమాట!

ఇంకొన్ని ప్రశ్నలు మన బతుకులు ఎరగనివి. మీ మొదటి కారు ఏ కంపెనీది అంటారు. కారే లేని ఇల్లాలు ఏం వ్రాయాలి? హనీమూన్‌కు ఏ ఊరు వెళ్ళారు అంటారు. మనలో చాలామంది మనుగుడుపులకు పుట్టింటికి వెళ్ళినవాళ్ళమే. మీ వారిని మొదట ఎక్కడ కలుసుకున్నారు అంటారు. ఎక్కడేమిటి, పెళ్ళిచూపులనాడు మన ఇంటి ముందుగదిలోనే! మొదటి ఉపాధ్యాయుడి పేరు అడుగుతారు. ఒకటో తరగతి చెప్పిన ఆయన్ను ఊరు ఊరంతా పెద్దమాస్టారు అంటే మనమూ పెద్దమాస్టారు అన్నాం. ఆయన అసలు పేరు ఎవరికి తెలుసు? చిన్ననాటి ముద్దుపేరు అంటారు. బుజ్జి, చిట్టి, చిన్ని, పండు, నాని. వీధిలో నిలబడి ఈ ఐదూ వరసగా పిలిస్తే ఇంటికి ఒకరు చొప్పున పలుకుతారు.

జవాబు తెలిసినా చిక్కు తీరదు, ఎందుకంటే వ్రాయవలసింది సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలతో. లక్ష్మి అని వ్రాయాలంటే మధ్యలో కె, ఎస్, హెచ్ వేసేవారు కొందరు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవారు కొందరు. సీత అనే రెండక్షరాల పేరులో ఐ ఒకటి వేశామా, ఈ రెండు వేశామా, చివర హెచ్ తగిలించామా? మూడేళ్ళ తరువాత ఎవరికి గుర్తుంటుంది? ఊళ్ళ సంగతీ అంతే. కడప పేరును ఇంగ్లీషులో పూర్వం సి అక్షరంతో మొదలుపెట్టేవారు, 2005 నుంచి అధికారికంగా కె అక్షరంతో వ్రాస్తున్నారు. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది. విశాఖపట్నంలో పుట్టినావిడ వైజాగ్ అని వ్రాసిందో, వాల్తేరు అని వ్రాసిందో! మనిషికి ఇవన్నీ ఒకటే ఊరు. యంత్రానికి ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే ఊరు.

అందుకని ఈ ప్రశ్నలకు రెండు జబ్బులు ఒకేసారి పట్టాయి. జవాబు పక్కవారికి తెలుసు, మనకు గుర్తుండదు. ఇది నా మాట కాదు, పరిశోధించినవారే చెప్పారు. 2009లో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగమూ, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమూ కలిసి, అప్పటి నాలుగు పెద్ద ఈమెయిలు సంస్థలు వాడుతున్న ప్రశ్నలను పరీక్షించాయి. "ఫలానావారు నాకు తెలిసినవారే గాని, నా పాస్‌వర్డ్ మాత్రం వారికి చెప్పను" అని ఖాతాదారు అనుకున్న పరిచయస్థులను పిలిచి జవాబులు ఊహించమన్నారు. నూటికి 17 జవాబులు వాళ్ళు చెప్పేశారు. చిత్రమేమిటంటే, ఆ జవాబులు ఇచ్చిన అసలు మనుషులు ఆరు నెలలు తిరిగేసరికి నూటికి 20 మరిచిపోయారు! తరువాత 2015లో గూగుల్ సంస్థ పరిశోధకులు తమ ఖాతాల లెక్కలు తీసి ప్రకటించారు. అమెరికాలో ఇంగ్లీషు మాట్లాడే ఖాతాదారుల్లో నూటికి 40 మంది అవసరం వచ్చినప్పుడు తమ జవాబు తామే చెప్పలేకపోయారట. ఇష్టమైన వంటకం అనే ప్రశ్నకైతే, ఏమీ తెలియని పరాయివాడు ఒక్కసారి ఊహించి పిజ్జా అన్నా నూటికి దాదాపు 20 సార్లు నెగ్గుతాడట. మన దగ్గర బిర్యానీ అంటే ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.

ఇది లెక్కలతో ఆగిన సంగతి కూడా కాదు. 2008 సెప్టెంబరులో అమెరికాలో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ గారి సొంత ఈమెయిలులోకి ఒక కాలేజీ కుర్రవాడు చొరబడ్డాడు. తాళాలు పగలగొట్టే విద్య ఏదీ అతను ప్రయోగించలేదు. పాస్‌వర్డ్ మరిచిపోయానని నొక్కి, వచ్చిన ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. ఆవిడ పుట్టినరోజు, ఊరి పిన్‌కోడు, భర్తను ఎక్కడ కలుసుకున్నారు అన్నవే ప్రశ్నలు. చదువుకున్న బడిలోనే కలుసుకున్నారని అప్పటికే లోకానికి తెలుసు. 2010లో ఆ కుర్రవాడికి ఏడాదీ ఒక రోజు శిక్ష పడింది. కాని ఆ తలుపు ఎంత సుళువుగా తెరుచుకుందో మనం గుర్తు పెట్టుకోవాలి.

"వాళ్ళంటే పెద్దవాళ్ళు, నా ఖాతాతో ఎవరికమ్మా పని?" అని మీరు అనవచ్చు. ఇక్కడే నేను అసలు మాట చెప్పదలచుకున్నాను. మన రహస్య ప్రశ్నలకు జవాబులు ఎక్కువగా తెలిసినవారు ఎవరు? దూరాన ఉన్న దొంగ కాదు. అన్నదమ్ములు, ఆడపడుచులు, మరుదులు, పాత స్నేహితులు, ఒక్కొక్కచోట కట్టుకున్నవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? అందరి ఇళ్ళూ ఒకలా ఉండవు. ఆస్తి పంపకాల్లో మాటా మాటా వచ్చిన ఇళ్ళున్నాయి. భర్తతో సరిపడక పుట్టింటికి వచ్చి, చిన్న ఉద్యోగంతో పిల్లల్ని సాకుతున్న ఆడపిల్లలున్నారు. అలాంటి పిల్ల పుట్టిన ఊరు, అమ్మ పుట్టింటి పేరు, పెళ్ళిరోజు, ఇష్టమైన కూర ఇవన్నీ ఎవరికి కంఠతా వచ్చు? ఎవరి నుంచి ఆమె తన నాలుగు రూపాయలూ, తన ఉత్తరాలూ కాపాడుకోవాలో సరిగ్గా వారికే. రహస్య ప్రశ్న అలాంటి చోట తాళం కాదు, వారి చేతికి మనం ఇచ్చిన తాళంచెవి.

దీనికి తిరగబడ్డ కథ మా వీధిలో జరిగింది. బట్టలు కుట్టి నాలుగు రాళ్ళు వెనకేసుకున్న ఒకావిడ ఉన్నారు. ఆమె పేరున ఖాతా తెరిచి, ఫోనులో అన్నీ అమర్చినవాడు కొడుకు. రహస్య ప్రశ్నకు జవాబులు కూడా తనే వ్రాసేశాడు, తన సంగతులతో. తరువాత అమెరికా వెళ్ళిపోయాడు. ఈవిడ ఫోను పాడై కొత్తది కొంటే ఖాతా తెరుచుకోలేదు. మొదటి కారు ఏది అని ప్రశ్న. ఇక్కడ పగలు, అక్కడ అర్ధరాత్రి. నిద్రలేపి అడిగితే, నా కారు పేరు వ్రాశానో, నాన్న స్కూటరు పేరు వ్రాశానో జ్ఞాపకం లేదన్నాడు. మూడుసార్లు తప్పయ్యేసరికి ఖాతాకు తాళం పడింది. బట్టల కొట్టుకు డబ్బు కట్టవలసిన వారమంతా ఆవిడ పాస్‌బుక్కూ, ఆధార్ కార్డూ పట్టుకుని తిరిగారు. చివరకు పని అయింది. కాని ఆవిడ అన్న మాట నా మనస్సులో నిలిచిపోయింది. "నా డబ్బు నాకు ఇవ్వడానికి నా కొడుకు కారు పేరు అడిగారమ్మా" అన్నారు. పిల్లలు ప్రేమతోనే చేస్తారు. అయినా ఖాతా మనదైనప్పుడు జవాబు కూడా మనదై ఉండాలి.

మరి ఏం చెయ్యాలి? ప్రశ్నను తప్పించుకోలేం, జవాబు మాత్రం మన చేతిలో ఉంది. రహస్య ప్రశ్నకు నిజమే చెప్పాలన్న నియమం ఏదీ లేదు. సరిపోతుందా లేదా అన్నదే యంత్రం చూసేది. కనుక దాన్ని ప్రశ్నగా చూడకండి, రెండో పాస్‌వర్డ్‌గా చూడండి. అమ్మగారి పుట్టింటి పేరు అని అడిగిన చోట, సంబంధం లేని మూడు నాలుగు మాటలు కలిపి వ్రాయండి. ఇత్తడి బిందె, తుమ్మెద, పదమూడు అన్నట్లుగా. నేను చెప్పిన ఈ మాటలే వ్రాసుకునేరు, అప్పుడు ఇదీ ఊరందరికీ తెలిసిన రహస్యమే అవుతుంది! ఏదో అబద్ధం చెబితే చాలుననీ అనుకోవద్దు. గూగుల్ పరిశోధకులు అడిగినప్పుడు నూటికి 37 మంది కావాలనే అబద్ధపు జవాబు ఇచ్చామన్నారట. కాని అందరికీ తోచే అబద్ధాలు ఒకేలా ఉండటంతో, ఊహించేవాడి పని ఇంకా తేలికైందట. అందుకని ఎవరికీ తోచనిది వ్రాయాలి. ఒక ఖాతాకు వ్రాసినది మరో ఖాతాకు వ్రాయకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బ్యాంకు దరఖాస్తులో, పాన్ కార్డు కాగితంలో తల్లి పేరు, పుట్టిన తేదీ అడుగుతారు. అవి మన గుర్తింపు వివరాలు. అక్కడ నిజమే వ్రాయాలి. నేను చెప్పేది ఖాతా తిరిగి తెరవడానికి మనల్ని ఎంచుకోమనే ప్రశ్నల గురించి మాత్రమే. రెండూ కలగలపకండి.

ఇలా వ్రాసిన జవాబు ఎలా గుర్తుంటుందంటారా? గుర్తుండదు. గుర్తు పెట్టుకోవాలనీ ప్రయత్నించకండి. చాకలి పద్దు, పాల పద్దు వ్రాసుకున్న చేతులు మనవి. ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని, ఏ ఖాతాకు ఏ ప్రశ్న ఎంచుకున్నారో, ఏ జవాబు ఇచ్చారో, ఏ అక్షరాలతో, ఎక్కడ ఖాళీ వదిలి వ్రాశారో ఉన్నదున్నట్లు వ్రాయండి. దాన్ని ఇంటి దస్తావేజులు, బంగారం దాచేచోట ఉంచండి. పాస్‌బుక్కు అట్ట మీద వ్రాయకండి, ఫోనులో ఫోటో తీసి పెట్టకండి. ఫోను పోయిన నాడే కదా దానితో అవసరం! ఇంట్లో ఒకరిని నమ్మి ఆ పుస్తకం చోటు చెప్పదలిస్తే చెప్పండి. అది ఎవరో నిర్ణయించేది మాత్రం మీరే కావాలి.

ప్రశ్నలు కాకుండా వేరే దారి ఇచ్చే చోట ఆ దారే మేలు. మన దేశంలో రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2009 ఆగస్టు నుంచి, ఆన్‌లైన్‌లో కార్డుతో చెల్లించేటప్పుడు కార్డు మీద కనబడే అంకెలు కాక మరో ఆధారం అడుగుతున్నారు. ఓటీపీ మనకు అలా అలవాటైంది. ఆ ఓటీపీ వచ్చే నంబరు మీ చేతిలోని ఫోనుదై ఉండాలి. అబ్బాయి నంబరో, అల్లుడి నంబరో ఇచ్చి ఉంటే బ్యాంకుకు వెళ్ళి మార్పించుకోండి. పాత నంబరు వదిలేస్తే ముందుగా ఖాతాలన్నిటిలో కొత్తది ఎక్కించండి. వదిలేసిన నంబరును 90 రోజులు గడిచాక కంపెనీలు మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ ఎవరింటికో పోతుంది. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదన్నది మీకు తెలిసిందే. అమ్మగారి పుట్టింటి పేరు ఫోను చేసి అడిగేవారికీ అదే మర్యాద. మీరుగా బ్యాంకు నంబరుకు చేసినప్పుడు తప్ప, వాళ్ళంతట వాళ్ళు చేసి అడిగితే ఒక్క ముక్క చెప్పకండి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వాలి.

మరొక మాట. మన ఫోనుల్లోకి సరదా ఆటలు వస్తూంటాయి. మీ ముద్దుపేరు, మీ మొదటి బడి, మీ చిన్నప్పటి కుక్కపిల్ల పేరు కలిపితే మీ రాణివాసపు పేరు తెలుస్తుంది, పదిమందికి పంపండి అంటారు. నవ్వుకుంటూ పంపేస్తాం. ఆ ఆటలో అడిగినవీ, రహస్య ప్రశ్నల్లో అడిగినవీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి.

పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోగలం. అమ్మ పుట్టింటి పేరు మార్చుకోగలమా? 2013లో యాహూ సంస్థ ఖాతాల సమాచారం దొంగల పాలైంది. ఆ సంగతి 2016లో బయటపడింది. అప్పటికి ఉన్న 300 కోట్ల ఖాతాలూ దాని బారిన పడ్డాయని 2017లో ఆ సంస్థే చెప్పింది. పోయిన వివరాల్లో రహస్య ప్రశ్నలూ, జవాబులూ కూడా కొన్ని ఉన్నాయి. అక్కడ నిజం వ్రాసినవారి నిజం శాశ్వతంగా పోయింది. కల్పించి వ్రాసినవారు మరొకటి కల్పించుకుంటే సరిపోయింది. అదే 2017లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ అయిన నిస్ట్ కూడా, పాస్‌వర్డ్ పెట్టించేటప్పుడు మొదటి పెంపుడు జంతువు పేరు వంటివి అడగవద్దని తన నియమాల్లో చెప్పింది. అయినా పాత అలవాటు అన్ని చోట్లా పోలేదు. ఖాతాలు నడిపే సంస్థలకు మనం కూడా ఉత్తరం వ్రాసి చెప్పవచ్చు. మా బతుకులకు సరిపడని ప్రశ్నలు వేయకండి, మా బంధువులందరికీ తెలిసిన సంగతుల మీద మా డబ్బుకు కాపలా పెట్టకండి అని.

తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్న సామెత మనందరికీ తెలుసు. ఈ ఆదివారం మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకున్నాక ఒక గంట తీరిక చేసుకోండి. నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని, మీ పేరున ఎన్ని ఖాతాలున్నాయో, వాటిలో ఏ ప్రశ్నలున్నాయో, జవాబులు ఎవరు వ్రాశారో ఒక్కొక్కటే చూడండి. మీవి కానివి మార్చండి. ఊరందరికీ తెలిసినవి మార్చండి. అమ్మాయిలు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వారు ఫోను నొక్కుతారు, జవాబు మాత్రం మీరే వ్రాయండి.